బెల్టు పెట్టుకోని ప్యాసింజర్

మా పక్కింటి మేడమ్ పోయింది.

పాలు పోసే అతను గేటు దగ్గర చెప్పాడు. "పెద్దాయనా, మేడమ్ లేదట. నిద్రలనే గుండె ఆగిందట." నేను "సరే" అన్నాను. చావు కబురుకు ఎవరన్నా సరే అంటారా? నా నోటికి ఆ మాటే వచ్చింది. ఏ మాట ఎక్కడ అనాలో నాకు మొదటి నుంచీ తెలియదు. అందుకే తక్కువ మాట్లాడతాను. ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివి, సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిళ్ళు మోసి రిటైరైనవాణ్ణి. ఇట్లా రాయడం సుత ఇదే మొదలు. తప్పులుంటే మీరే సర్దుకోండి.

పది గంటలకు మేడమ్ దగ్గర నేర్చుకునే అమ్మాయిలు వచ్చారు. వాళ్ళకు సంగతి తెలియదు. మా సీతాఫల్‌మండి గల్లీలో మోరీ నీళ్ళు పారుతుంటాయి. అందుకని మామూలు చెప్పులతో వచ్చి, మేడమ్ ఇంటి మెట్ల మీద కూర్చొని, సంచుల్లోంచి ఎత్తు మడమల బూట్లు తీసి తొడుక్కుంటారు. ఆ రోజూ అట్లే కూర్చున్నారు. ఒకమ్మాయి ఒక బూటు వేసుకొని రెండోది చేతిలో పట్టుకొని, "అంకుల్, మేడమ్ ఇంకా లేవలేదా?" అని అడిగింది. "లేవలేదమ్మా" అన్నాను. అప్పుడే లోపల ఏడుపు వినబడింది. ఆ పిల్ల ఒక కాలు ఎత్తుగా, ఒక కాలు పొట్టిగా అట్లే నిలబడిపోయింది.

మేడమ్ చాలా ఏళ్ళు విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌గా చేసింది. రిటైరయ్యాక తన ముందర గదిలో అమ్మాయిలను ఆ కొలువు ఇంటర్వ్యూలకు తయారు చేసేది. ఆరు కుర్చీలు, మూడు ఇటు, మూడు అటు, నడుమ దారి. గోడ మీద ఎత్తున ఎర్ర బొట్టుబిళ్ళ అతికించి ఉండేది. మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపితే అది అందాలి. అందితేనే విమానంలో పైన సామాను పెట్టే అర అందుతుందట. వాటికి ఎదురుగా ఇంకొక కుర్చీ మా వైపు, అంటే ప్యాసింజర్ల వైపు, తిరిగి ఉండేది. అది మేడమ్‌ది. "విమానం పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు మేం ప్రయాణికుల ముఖాలు చూస్కుంట కూర్చుంటం అన్నా. నోరు చెప్పనిది ముఖం చెప్తది" అనేది.

ప్యాసింజర్లుగా కూర్చునేవాళ్ళు తక్కువ పడితే గోడ మీది నుంచి నన్ను పిలిచేది. "అన్నా, జెర వచ్చి కూర్చో. ఊకె కూర్చుంటే చాలు." ఊకె కూర్చోవడం నాకు బాగా వచ్చు అనుకొని పోయాను. అది సుత రాదని అక్కడే తెలిసింది. అమ్మాయి ట్రే పట్టుకొని "టీ ఆర్ కాఫీ, సర్?" అంటే నేను లేచి నిలబడి రెండు చేతులతో అందుకునేవాణ్ణి. "కూర్చో అన్నా! విమానంల గిట్ల లేస్తే తలకాయ పైన కొట్టుకుంటది" అని మేడమ్ కేకేసేది. అందరూ నవ్వేవారు.

ఇంకొకటి బెల్టు. పాత సూట్‌కేసు పట్టీలు తెచ్చి కుర్చీలకు కుట్టించింది. నేను పెట్టుకునేవాణ్ణి కాదు. అమ్మాయిలు వంగి, నవ్వి, ఇంగ్లీషులో, హిందీలో బతిమాలినా చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాణ్ణి. "ఈ అన్నతోటి బెల్టు పెట్టించిన పిల్లకు నౌకరీ పక్కా" అని మేడమ్ పందెం కాసేది. మొండివాణ్ణని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు.

మా మనవరాలు, అంటే కొడుకు కూతురు, డిగ్రీ అయ్యాక తనూ ఎయిర్ హోస్టెస్ అవుతానన్నది. మా కోడలు వంటింట్లోంచే అరిచింది. "మంది ఎంగిలి ప్లేట్లు ఎత్తనీకా గింత చదివింది?" నా కొడుకు తేల్చలేక నా మీద పెట్టాడు. "బాపూ, నువ్వు ఊ అంటే ఊ." నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. నెల గడిచింది. ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. పిల్ల నా ముఖం చూస్తూ అన్నం పెట్టేది. నేను పళ్ళెం చూస్తూ తినేవాణ్ణి. బెట్టు కాదు. నాకు నిజంగానే ఏం అర్థం కాలేదు.

ఒకనాడు మేడమ్‌ను అడిగాను. "ఈ కొలువు ఏమిస్తది మేడమ్?"

ఆమె చీర అంచు జెర పైకి తీసి పాదాలు చూపించింది. వాచి, నరాలు తేలి ఉన్నాయి. "ఇవి ఇస్తది" అన్నది. తర్వాత గోడ మీద చెయ్యి వేసింది. "ఈ ఇల్లు సుత ఇచ్చింది. తమ్ముళ్ళ చదువులు అయినయి. సముద్రం అవతల ఊర్లు చూసిన. మా అమ్మ పోయిన దినం నేను మబ్బుల మీద ఎవరికో టీ పోస్తున్న. అది సుత ఈ కొలువు ఇచ్చిందే."

"ప్లేట్లు ఎత్తుడేనా మరి పని?"

"ప్లేట్లెంతసేపు అన్నా! మంట లేస్తే ఆర్పాలె. ఊపిరాగితే ఛాతీ ఒత్తాలె. ఏమన్న అయితే తలుపు తెరిచి అందర్ని దింపి, ఆఖర్న తను దిగాలె. నెలల తరబడి గదే నేర్పుతరు. ట్రే ఒక్కటే మీకు కనబడ్తది."

నా పరేషాన్ ఇంకా పెరిగింది. మంచి చెప్తే పంపుదాం, చెడు చెప్తే ఆపుదాం అనుకున్నాను. ఆమె రెండూ చెప్పింది.

ఆ ఆదివారం మేడమ్ పిలిస్తే పోయి నా కుర్చీలో కూర్చున్నాను. లోపలి నుంచి మా మనవరాలు వచ్చింది. జుట్టు వెనక్కి ముడి, కాళ్ళకు ఎత్తు బూట్లు. మాకు తెలియకుండా ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నదో. "నమస్కారం సర్" అన్నది నాతో. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు. ఇక బెల్టు పెట్టుకొమ్మని అడుగుతుంది అనుకున్నాను. అడగలేదు. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చొని, తన బెల్టు తీసి, నాకు కనబడేటట్టు మెల్లగా కొసను క్లిప్పులోకి దూర్చింది. టక్కుమన్నది. విప్పింది. మళ్ళీ పెట్టింది. నా వైపు చూడనే లేదు.

ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెప్తున్నాను. నాకు ఆ బెల్టు పెట్టుకోవడం రాదు. మొండితనం కాదు, సిగ్గు. రాదని అంతమంది ఆడపిల్లల ముందు ఎట్లా చెప్పను? ఆనాడు నా చేతులు వాటంతట అవే పట్టీ అందుకున్నాయి. టక్కుమన్నది.

తలెత్తితే మేడమ్ ఎదురు కుర్చీలోంచి నా ముఖమే చూస్తోంది.

సాయంత్రం గోడ మీది నుంచి నా కొడుకును పిలిచి, "మీ బాపు సరే అన్నడు" అని చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. నేను ఆ మాట అననే లేదు. అదే చెప్పబోయాను. ఇంతలో మనవరాలు వచ్చి కాళ్ళు మొక్కింది. ఇక ఏమంటాను?

పిల్లకు కొలువు దొరికి రెండేళ్ళు. బాగానే ఉన్నది. దాని పాదాలు సుత వాస్తున్నాయి, చూస్తున్నాను. నేను అనని మాట అన్నానని ఎందుకు చెప్పారు మేడమ్, అని అడగాలని ఈ రెండేళ్ళూ అనుకున్నాను. పోయే ముందురోజు సుత ఆమె ఎదుట గంటసేపు కూర్చొని అడగకుండానే వచ్చాను.

పదో దినం అయ్యాక మనవరాలు డ్యూటీ దిగి వచ్చింది. దానికే చెప్పాను.

"బిడ్డా, ఆనాడు నేను సరే అనలే. మేడమ్ ఉత్తగ చెప్పింది."

"తెల్సు తాతా."

"ఎట్ల తెల్సు?"

"నేను అడిగిన. తాత నిజంగ అన్నడా మేడమ్ అని. నోటితోటి అనలే, చేతులతోటి అన్నడు, టక్కుమన్నది నీకు వినబడలేదా అన్నది మేడమ్."

"నేను బెల్టు పెట్టుకునుడు నేర్చుకున్న, అంతే బిడ్డా."

"గదే తాతా" అని నవ్వి, కళ్ళు తుడుచుకున్నది.

గదే అంటే ఏందో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పే మనిషి లేదు.

మర్నాడు అమ్మాయిలు మళ్ళీ వచ్చి మెట్ల మీద బూట్లు మార్చుకున్నారు. వాళ్ళ ఇంటర్వ్యూ దగ్గర ఉన్నదట. మేడమ్ తమ్ముడు తాళం ఇచ్చాడు. మనవరాలు వాళ్ళను కూర్చోబెట్టింది. నేను నా కుర్చీలో కూర్చొని, "నువ్వు ఆ కుర్చీల కూర్చో బిడ్డా" అని మేడమ్ కుర్చీ చూపించాను. అది తల అడ్డంగా ఊపి నా పక్కకు వచ్చింది. అందరం బెల్టులు పెట్టుకున్నాం. ఒకదాని వెనక ఒకటి టక్కు టక్కుమన్నాయి. నాది ఆఖర్న.

మా వైపు తిరిగి ఉన్న ఆ కుర్చీ ఖాళీగా ఉన్నది. అందరం అటే చూస్తూ కూర్చున్నాం. పైకి ఎక్కుతున్నామో, కిందికి దిగుతున్నామో తెలియలేదు.