దాహినే అంటే కుడి

డ్రిల్లు సార్ పోయారు. సోమవారం పొద్దున చాయ్ తాగి, గదుల ముందరి గ్యాలరీలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. మున్సిపాలిటీ తెలుగు బడిలో మా పిల్లలందరినీ ఎండలో నిలబెట్టి నడిపించిన మనిషి. పాలమూరు నుంచి కూలికి వచ్చి మనవాళ్లు స్థిరపడిన ఈ కామాటిపుర గల్లీల్లో ఆయన విజిల్ వినని తెలుగువాడు లేడు. మా చాల్‌లో నా పక్క ఖోలీయే, అంటే పక్క గదే, ఆయనది. నేను ఏడుస్తూ రాయను. ఆయనకు ఏడుపు నచ్చదు. మా మనవరాలు మిలటరీ అకాడమీకి ఎలా పోయిందో నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో రాస్తాను. ఆయన గురించి నాకు తెలిసిన గొప్ప సంగతి అదే.

పిల్ల పదకొండో తరగతిలో ఉండగా ఒక పొద్దున సార్ పేపరు ఊపుకుంటూ మా గడపలోకి వచ్చారు.

“మేస్త్రీ! పుణె దగ్గర అకాడమీల ఆడపిల్లల్ని గూడ తీస్కుంటున్రు. మన పోరి పోతది!”

“ఏడికి సార్? పాలు తెమ్మంటెనే పోదు ఇది.”

లోపలి నుంచి మనవరాలు అరిచింది. “నీ పాలు నువ్వే తెచ్చుకో తాతా! సార్, నేను పోత!”

ఆ రోజు నుంచి మా గల్లీకి నిద్ర లేదు. తెల్లవారగానే పరుగు, విజిలు, కుక్కల మొరుగుడు. లెక్కలు సార్‌కు రావు. అందుకని పిల్లను లెక్కల క్లాసుకు పంపి, బయట మెట్ల మీద తానే కాపలా కూర్చునేవారు. డ్రిల్లు మాత్రం మానలేదు.

“పరీక్షల డ్రిల్లు లేదు కద సార్,” అంది పిల్ల.

“పోయినంక ఉంటది గద!” అన్నారు. అప్పటికి ఆమె రాత పరీక్ష కూడా రాయలేదు.

ఇక్కడే మన వాళ్ల తిప్పలు మొదలయ్యాయి. మిలటరీలో కమాండు హిందీలో ఇస్తారు. దాహినే ముడ్ అంటే కుడికి తిరగాలి. మరాఠీలో డావీకడే అంటే ఎడమకు. మన పాలమూరు మాటలో దాపటెద్దు అంటే ఎడమ పక్క ఎద్దు. రెండు భాషలు ఎడమకు లాగుతుంటే ఒక్క హిందీ కుడికి ఎలా తిప్పుతుంది? సార్ “దాహినే ముడ్” అనగానే మా పిల్ల ఎడమకు తిరిగేది. తప్పు తెలియగానే ఎవరూ చూడనట్టు మెల్లగా కాళ్లు జరుపుకునేది. అక్కడ మండేది సార్‌కు.

“ఏ పోరీ! దొంగ లెక్క జరుగుతవేంది? తప్పు తిరిగినవా, తిరిగిన అని చెప్పు. దడేల్మని మళ్ల తిరుగు!”

“డావీ బాజూ అనుకున్న సార్.”

“అనుకునేది ఇంట్ల. గ్రౌండ్ల గట్టిగ చెప్పుడే!”

నేను గ్యాలరీ నుంచి, “తెలుగుల చెప్పున్రి సార్, పీడ పోతది,” అన్నాను.

“మిలటరీని తెలుగు నేర్చుకొమ్మంటవా మేస్త్రీ?”

“నేర్చుకుంటె ఏం పోతది?”

గల్లీ అంతా నవ్వింది. నేనేమీ తప్పు అనలేదు.

రాత పరీక్ష పాసైంది. తర్వాత భోపాల్‌లో ఇంటర్వ్యూ. అసలు గండం అదే. ఆడపిల్లలకు సీట్లు కొన్నే. రాతలో గెలిచినవాళ్లను కూడా చాలామందిని అక్కడి నుంచే ఇంటికి పంపేస్తారు. నల్లా దగ్గర ఒకామె, “తిరిగొస్తె పెండ్లి జేసెయ్ మేస్త్రీ,” అంది. నేను నోరు తెరిచేలోపే సార్ అందుకున్నారు.

“తిరిగొస్తె మళ్ల పంపుతం. నువ్వు బిందె దియ్యమ్మ, నిండింది.”

భోపాల్‌లో చెక్కపలక, తాడు ఇచ్చి, జట్టును గుంత దాటించమన్నారట. మనవరాలు “పలక దాహినే!” అని అరిచి, చెయ్యి ఎడమకు చూపింది. సగం మంది అటు, సగం మంది ఇటు లాగారు. పలక గుంతలో పడింది. ఆఫీసరు ఎదురుగానే నిలబడి రాసుకుంటున్నాడు. మా పిల్ల కాళ్లు జరుపుకోలేదు. “తప్పు నాది. ఆగండి,” అని గట్టిగా చెప్పింది. పలక పైకి తీయించి, మొదటి నుంచి పెట్టించి, అందరినీ దాటించి, చివర తాను దాటింది.

“పలక పడ్డప్పుడు ఏమనుకున్నావు?” అని తర్వాత ఆఫీసరు అడిగాడట.

“అనుకునేది ఇంట్లో సార్,” అందట ఇది!

ఫోన్ వచ్చినప్పుడు నేను, సార్ చాయ్ తాగుతున్నాం. “తాతా, నన్ను ఆపిండ్రు! మిగతావాళ్లను ఇంటికి పంపిండ్రు!”

“ఆపిండ్రా? ఏం జేసినవే?” అని అరిచాను.

సార్ ఫోన్ గుంజుకున్నారు. “ఆపిండ్రంటె పాసైనట్టు మేస్త్రీ!” ఆ చాయ్ అలాగే వదిలేసి విజిల్ ఊదుకుంటూ మెట్లు దిగారు. మెడికల్ అయింది, లిస్టులో పేరు కూడా వచ్చింది. ప్రతిసారీ అదే విజిలు.

సార్ చివరి యాత్రకు మనవరాలికి సెలవు దొరకలేదు. తెల్లజుట్టు పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. నా కళ్లకు మాత్రం పిల్ల బయలుదేరిన రోజే కనిపిస్తోంది. గల్లీ తవ్వి పెట్టారు, టాక్సీ లోపలికి రాలేదు. నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్లరంగుతో పిల్ల పేరు. హమాలీని పిలుస్తానన్నాను. సార్ తువ్వాలు చుట్టి తల మీద పెట్టుకుని, పెట్టె ఎత్తమన్నారు.

“దించున్రి సార్, జనం చూస్తున్రు.”

“చూడనీ మేస్త్రీ. మనోళ్లు ఇటుక, ఇసుక అని ఈ ఊరంత తల మీదనే మోసిండ్రు. ఇదొక్కటి నన్ను మోయనీ.”

ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటు, తెల్లచొక్కా, తల మీద నల్లపెట్టె. పెట్టెకు చెయ్యి కూడా పట్టలేదు. వెనకే పిల్ల. ఫోరస్ రోడ్డుకు చేరాక కూడా సార్ ఎవరికీ పక్కకు జరగలేదు. టాక్సీలే ఆగాయి.