చూసినవాళ్ల అరుగు

కిషన్‌బాగ్‌లో మా మేనమామ పోయాడని మొన్న పొద్దున మలక్‌పేటలో మా ఇంటికి కబురొచ్చింది. విన్నాక చాలాసేపు మబ్బులో నడుస్తున్నట్టు ఇంట్లోనే తిరిగాను.

ఆయన కోర్టు కచేరీలో గుమాస్తాగా చేసి పింఛను పుచ్చుకున్నవాడు. సాయంత్రాలు గల్లీ అంతా ఆయన ఇంటి ముందు చేరేది. అక్కడొక పద్ధతి ఉండేది. ఏ సంగతైనా సరే, కళ్లారా చూసినవాళ్లు అరుగెక్కి కూర్చోవాలి. విన్నవాళ్లకు మెట్లు. ఊరికే అనుకునేవాళ్లు కింద నిలబడాలి. "అనుకునేటోళ్లే మస్తుమంది, వాళ్లకు జాగ ఎక్కువ గావాలె" అని నవ్వేవాడు.

యూనివర్సిటీ చదువు తలకెక్కిన రోజుల్లో ఒకసారి అడిగాను, "కండ్లు గూడ మోసం చేస్తయి గద మామా?"

"చేస్తయి బిడ్డా. గందుకే పక్కోని కండ్లను గూడ అడుగుతం."

ఆ జవాబు నాకు చాలలేదు. ఇప్పటికీ చాలదు. అయినా ఏదైనా గట్టిగా అనబోయే ముందు నా కాలు ఏ మెట్టు మీదుందో చూసుకుంటాను. అది ఆయన పెట్టిన భిక్షే.

ఒక వానాకాలం ఆయన మనవరాలికి వాంతులు పట్టుకున్నాయి. పొద్దున గల్లీ మొదట్లో రొట్టెలు కాల్చే భట్టీ నుంచి తెచ్చిన నాన్ రొట్టె తిన్నదట. సాయంత్రానికి ఒకటే లొల్లి, భట్టీ మూయించాలని. దాన్ని నడిపే భాయ్ గోడకానుకుని నిలబడ్డాడు. ఆ భట్టీయే అతని బతుకు.

"పిండిల ఏందో కలిపిండు!" అని ఎదురింటాయన అరిచాడు.

"కలుపుతుంటే సూసినవా? సూస్తే పైకి రా," అన్నాడు మామయ్య.

"సూసుడెందుకు? గల్లీ మొత్తం గదే అంటున్నది."

"అయితే మెట్ల మీద కూసో."

అరుగు ఖాళీగానే ఉండిపోయింది. అందరూ మామయ్య వైపే చూశారు. పిల్ల తాత కదా, ఆయన మాటే తీర్పు. ఆయన లేచి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి, జనంలో నిలబడ్డాడు.

"నాకు గూడ రొట్టె మీదనే అనుమానం. కని నేను సూడలే. నా జాగ గీడనే. పైన ఎవ్వరు లేరు. భట్టీ ఎట్ల మూపిస్తం?"

"మన పిల్ల గాదా అది!" అని లోపలి నుంచి అత్తయ్య ఏడ్చింది. ఆయన కిందనే నిలబడి ఉన్నాడు. జనం మెల్లగా విడిపోయారు.

పిల్ల కోలుకుంది. జబ్బు ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఆయన చేసింది న్యాయమా, పంతమా? నిజంగా రొట్టెలోనే ఏదైనా ఉండి ఉంటే? నాకింకా తేలలేదు.

ఆ లొల్లి మరునాటి తెల్లవారుజాము మాత్రం నాకు కళ్లకు కట్టినట్టుంది. భట్టీ పొగా, వాన తుంపరా కలిసి గల్లీ కనిపించకుండా పోయింది. ఆ పొగలో, భట్టీ ముందు మామయ్య, అనుమానం తీరని ముఖంతోనే, వేడి రొట్టె తుంచి, ఊదుకుంటూ, నెమ్మదిగా నములుతున్నాడు. ఎదురుగా భాయ్, చేతుల నిండా పిండితో, ఆయన మింగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.