సైదమ్మ ట్యాబ్‌లో ఆఖరి ముగ్గు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. చిన్నప్పటి నుంచీ అంతే. పిడుగురాళ్ల దగ్గర హైవే మీద లారీ ఆపే ఆడమనిషి ఎప్పుడూ తెల్లచీరలోనే ఎందుకుంటుందో, ఆవిడకి ఇంకో చీర ఎందుకు దొరకదో చెప్పమంటే ఒక్క డ్రైవరూ చెప్పలేడు. కొండవీడు ఎక్కి దిగిన ప్రతివాడికీ గుర్రాల డెక్కలు వినపడతాయట. నాలుగడుగులు నడవడం అలవాటు లేనివాడు అంత కొండ ఎక్కితే వినపడేది వాడి గుండె చప్పుడే. ఈ మాట మొహం మీదే అనేస్తాను. అందుకే పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చుని ఎవరూ ఇలాంటి కబుర్లు మొదలుపెట్టరు.

అలాంటివాణ్ణి ఇప్పుడిది రాస్తున్నాను. మా ఆవిడకి ఒక్కదానికే చెప్పాను. "నిద్ర చాల్లేదేమో, పడుకోండి" అంది. తప్పు పట్టను. ఇంకొకడు నాకీ సంగతి చెప్పి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి, అంత మర్యాదగా కూడా కాదు.

నరసరావుపేటలో బస్టాండుకి దగ్గర్లో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేస్తాను. పదహారేళ్ళ నుంచి ఇదే పని. ఈ పనిలో ఉంటే మనుషుల మీద గౌరవం నిలవదు. ఫోను మీద మోటార్‌సైకిల్ టైరు అచ్చు కనపడుతూ ఉంటుంది, వాడు మాత్రం "దానంతటదే పగిలిందన్నా" అంటాడు. నీళ్ళలో పడ్డ ఫోనుని మూడు రోజులు బియ్యంలో పూడ్చిపెట్టి, బియ్యపుగింజలతో సహా తెచ్చి నా కౌంటర్ మీద పెడతారు.

పగిలిన టచ్ ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే నొక్కుకుంటూ ఉంటుంది. యాప్‌లు తెరుచుకుంటాయి, ఎవరెవరికో ఫోన్లు వెళ్ళిపోతాయి. ఒకావిడ అలాంటి ఫోనులో చచ్చిపోయిన అత్తగారు దూరిందని తేల్చేసి, ముందు దాన్ని కోటప్పకొండకి తీసుకెళ్ళి దండం పెట్టించి, ఆ తర్వాత నా దగ్గరికి తెచ్చింది. గ్లాసు మార్చాను. అత్తగారు వెళ్ళిపోయింది.

నా పక్కది జిరాక్స్ షాపు. నడిపే సుబ్బారావుని బాబాయ్ అంటాను, చుట్టరికం ఏమీ లేదు. ఆయన మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే దిష్టి తగిలిందంటాడు. రోలరు అరిగిపోయింది మార్చు బాబాయ్ అంటే వినడు, ఇంకో నిమ్మకాయ కడతాడు. పదేళ్ళుగా ఆయన్ని ఏడిపించడమే నాకు కాలక్షేపం.

పోయిన ఏడాది ఒకరోజు పొద్దున్నే కోటేశ్వరి అనే ఆవిడ షాపుకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పిడుగురాళ్లలో జాకెట్లు కుడుతుందట. తువ్వాల్లో చుట్టిన ట్యాబ్ తీసి ముందుపెట్టింది. గ్లాసు ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చీలిపోయి ఉంది. లోపల బొమ్మ కనపడుతోంది గానీ వేలు పెడితే పలకడం లేదు.

ఆ ట్యాబ్ వాళ్ళమ్మది. పేరు సైదమ్మ. వయసులో ఉన్నన్నాళ్ళూ సున్నం బట్టీల్లో పనిచేసి, తర్వాత బస్తాలో ముగ్గుపిండి పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మిందట. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాయి. సీరియల్స్ చూసుకుంటుందని కూతురు ట్యాబ్ కొనిస్తే, ఆవిడ సీరియల్స్ మానేసి దాని మీద వేలితో ముగ్గులు వెయ్యడం మొదలుపెట్టింది. సాయంత్రం మంచంలో పడుకుని ఒక ముగ్గు వేసేది. తెల్లారుజామున కూతురు అది చూసి వాకిట్లో వేసేది. రెండేళ్ళలో వేసిన ముగ్గు మళ్ళీ వెయ్యలేదట.

ఆరు రోజుల కిందట సైదమ్మ చనిపోయింది. మంచం మీంచి దింపేటప్పుడు హడావిడిలో ట్యాబ్ కిందపడింది, ఎవరో తొక్కారు. మా వైపు చావైన ఇంట్లో పెద్దకర్మ దాకా వాకిట్లో ముగ్గు పడదు. అది అయిన మర్నాడు ఇల్లు కడిగి మళ్ళీ వేస్తారు. ఆ రోజు వాళ్ళమ్మ ఆఖరున వేసిన ముగ్గే వెయ్యాలని కోటేశ్వరి పంతం.

"ఆఖర్ది నేనింకా సరిగ్గా చూడను కూడా లేదన్నా. గ్లాసు ఎట్టాగైనా మార్చు గానీ, లోపలున్నయ్యి మాత్రం పోగూడదు" అంది.

"పోవులేమ్మా" అన్నాను. అది నోటి మాట. మనసులో ఏమనుకున్నానో కూడా రాస్తాను, దాచడం దేనికి. ముగ్గుట, ముగ్గు. ఫోను తెరిస్తే వేల ముగ్గులు కనపడతాయి, అందులో ఒకటి చూసి వేసుకోలేదా? చచ్చిపోయిన ముసలామె ఏ మెలిక ఎటు తిప్పితే ఎవడికి కావాలి? ఇలాంటి వాటికి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.

లాక్ నంబరు చీటీ మీద రాసిచ్చింది. దాన్ని ట్యాబ్ వెనక అంటించాను. టచ్ గ్లాసు విజయవాడ నుంచి తెప్పించాలి, నాలుగు రోజులు పట్టింది. వచ్చిన పొద్దున, పెంకులు రాలకుండా పాత గ్లాసు మీద టేపు వేసి, అంచులు వేడిచేసి, సన్నటి రేకుతో పైకి లేపాను. ఆ వేడికి వెనక ఉన్న చీటీ ఊడిపోయినట్టుంది. గాజు ముక్కలతో పాటు చెత్తబుట్టలోకి పోయింది. ఆ బుట్ట అప్పటికే మునిసిపాలిటీ బండి ఎక్కేసింది.

లాక్ తెరవందే కొత్త టచ్ టెస్ట్ చెయ్యడం కుదరదు. ఫోను చేసి నంబరు అడిగితే సరిపోయేది. ఆవిడ ఫోను నంబరు నా పుస్తకంలో ఉంది. కానీ చేస్తే మళ్ళీ వాళ్ళమ్మ సంగతి ఎత్తుతుంది, ఏడుస్తుంది, వినే ఓపిక నాకు లేదు.

మా లైనులో చాలామంది చేసే పని ఒకటుంది. లాక్ తెలియకపోయినా, ట్యాబ్ మొరాయించినా, పవర్ బటనూ వాల్యూమ్ బటనూ కలిపి నొక్కి మొత్తం తుడిచేస్తాం. ఎవరైనా అడిగితే కిందపడ్డ దెబ్బకి మెమొరీ పోయిందంటాం. ఎవరూ ఎదురు చెప్పరు. వాళ్ళకి తెలిస్తే కదా చెప్పడానికి. నేనూ నొక్కాను. రెండు నిమిషాల్లో సైదమ్మ రెండేళ్ళ ముగ్గులు పోయాయి. నేను టీ తెప్పించుకుని తాగాను.

ఇక్కడి నుంచి జరిగింది జరిగినట్టు చెబుతాను. టైము పొద్దున పదకొండు దాటింది. కరెంటు ఉంది. కౌంటర్ మీద ఎండ పడుతోంది. రోడ్డు మీద ఆటోల గోల. భయపడటానికి కావలసిన సరంజామా ఏదీ అక్కడ లేదు.

కొత్త టచ్ గ్లాసుని ఇంకా అతికించలేదు, దాన్ని ట్యాబ్‌కి కలిపే రిబ్బన్ వైరు మాత్రం తగిలించాను. అతికించేముందు ఒక టెస్ట్ చేస్తాం. నల్లటి స్క్రీన్ మీద వేలు ఎక్కడ రాస్తే అక్కడ తెల్లగీత పడుతుంది. నాలుగు వైపులా రాసి చూశాను, అంతటా బాగానే పడింది. గీతలు చెరిపేసి, జిగురు కోసం సొరుగు వైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి స్క్రీన్ మీద కింద కుడివైపు మూల ఒక గీత నడుస్తోంది.

కొత్త పార్టు చెడిపోయిందనుకుని విజయవాడ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. అయితే చెడిపోయిన టచ్ ఎలా గీస్తుందో నాకు తెలుసు. ఈ మూల నుంచి ఆ మూలకి దూకుతుంది, ఒకేచోట కొట్టుకుంటుంది. ఇది అలా లేదు. నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది. ఒక మెలిక పూర్తయ్యాక కాస్త ఆగి, రెండోది మొదలుపెడుతోంది.

గ్లాసు పైకి ఎత్తి పక్కన పెట్టాను. గీత ఆగలేదు. రిబ్బన్ పీకేశాను. రిబ్బన్ పీకేశాక ఎవరైనా వేలు పెట్టినా ట్యాబ్‌కి తెలిసే దారే లేదు. గీత అదే నెమ్మదితో ముందుకు పోతోంది. అప్పుడు నాకు భయమేసింది.

సుబ్బారావు బాబాయ్‌ని కేకేశాను. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది, ఇంకో జత కళ్ళు కావాలి. దగ్గరలో దొరికినవి ఆయనవే. చేతిలో ఎవరిదో ఆధార్ జిరాక్స్ పట్టుకుని వచ్చాడు.

"ఏందిరా ఇది, ముగ్గా?"

"చూడు బాబాయ్."

"ముందు ఆ వైరు పీకెయ్ రా."

"పీకే ఉంది."

ఆయన వేలాడుతున్న రిబ్బన్ చూశాడు, నన్ను చూశాడు. వెనక్కి వెళ్ళి గుమ్మం బయట చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఇంకో రోజైతే ఆ చెప్పుల సంగతి చెప్పి నెల రోజులు నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు.

చుక్కలు లేవు. కానీ ఉన్నట్టే, అవి ఉండాల్సిన చోటల్లా లెక్కగా చుట్టుకుంటూ పోయింది ఆ గీత. ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. ఎక్కడా తెగలేదు, తడబడలేదు. చివరికి మొదలైన మూలకే వచ్చి కలిసింది. నేను ఫోను తీసి రెండు ఫొటోలు తీశాను. వీడియో తియ్యాలన్న తెలివి ఆ క్షణంలో రాలేదు. తర్వాత స్క్రీన్ మామూలుగా ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే ఖాళీ.

బాబాయ్ కర్పూరం వెలిగించమన్నాడు. వెళ్ళి నీ మిషన్‌కి వెలిగించుకో అన్నాను. మెల్లగా వెళ్ళిపోయాడు. ఊరి సంగతులన్నీ మోసే మనిషి, ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మధ్యాహ్నం దాకా నాకు తెలిసినవన్నీ చేసి చూశాను. రిబ్బన్ పెట్టి చూశాను, తీసి చూశాను. చార్జరు తగిలించి, ఊడదీసి చూశాను. డిస్‌ప్లే చెడితే గీతలు రావచ్చు, కానీ అవి నిలువుగానో అడ్డంగానో ఉంటాయి, వంకర తిరగవు. ట్యాబ్ ఏ తేడా లేకుండా పనిచేసింది. గ్లాసు అతికించేశాను.

నాలుగింటికి కోటేశ్వరి వచ్చింది. మర్నాడే పెద్దకర్మ. కిందపడ్డ దెబ్బకి మెమొరీ పోయిందమ్మా అని మామూలు అబద్ధమే చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. గొడవ చెయ్యలేదు, తిట్టలేదు, ట్యాబ్ తీసుకుని తువ్వాల్లో చుట్టుకోబోయింది. నేను ఆగమని, "ఇదొక్కటి దొరికిందమ్మా" అని నా ఫోనులో ఫొటో చూపించాను.

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. గీత వెంట వేలు తిప్పింది.

"ఇదేనన్నా. కుడి చేతి మూల్నుంచి ఎత్తుకునేది అమ్మొక్కతే" అంది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చూసింది. ఈసారి నా వైపు తిరిగి అడిగింది.

"కానీ అన్నా, అమ్మ దీన్ని సగంలోనే ఆపేసింది. ఆ సాయంత్రం చెయ్యి లేవలా. మిగతాది రేపు ఏస్తాలేవే అని పక్కన పెట్టింది. తెల్లారేసరికి మనిషి లేదు. ఈ మిగతా సగం ఎవరేశారు?"

"నాకు తెలీదమ్మా" అన్నాను. ఆ రోజు ఆవిడతో నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆవిడ భయపడలేదు. ఇంట్లో మిగిలిపోయిన పని గురించి చెప్పుకున్నంత మామూలుగా, "ఐతే పూర్తి చేసిందన్నమాట" అంది. ఫొటో తన ఫోనుకి పంపించుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. కడిగిన వాకిలి, దాని నిండా ఆ ముగ్గు. కింద "చానా మేలు చేశావన్నా, అమ్మ ముగ్గు కాపాడావు" అని రాసింది.

దెయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ నేను ఒప్పుకోను. తెల్లచీర కథ చెప్పేవాణ్ణి ఇప్పటికీ తిడతాను. రిబ్బన్ పీకేసిన ట్యాబ్‌లో, నేను ఎప్పుడూ చూడని ముగ్గుని, వేసిన మనిషే పూర్తి చెయ్యనిదాన్ని, ఎవరు ఎలా పూర్తి చేశారో మాత్రం ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఆవిడ మెసేజికి ఇంతవరకు జవాబు ఇవ్వలేదు. ఆ ముగ్గు గీసిందెవరో నాకు తెలియదు. మిగతా రెండేళ్ళ ముగ్గులూ చెరిపింది నేనేనని ఆవిడకి తెలియదు.