మా నాన్న బ్రోకరు

మొన్న మా మనవడు ఫోనులో షేర్లు కొంటూ, "అమ్మమ్మా, మా బ్రోకర్ చాలా నమ్మకమైనవాడు" అన్నాడు. ఆ మాటను అంత గౌరవంగా పలికేవాళ్లు కూడా ఉన్నారా అని నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు లెండి, ఆ మాట మీద, మా నాన్న మీద, అందరికంటే నా మీద.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో రైతుకీ కొనేవాళ్లకీ మధ్య బేరం కుదిర్చేవాడు. మన వైపు బ్రోకరంటే ఆడవాళ్లను తార్చేవాడనే పాడు అర్థముందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయనకు మాత్రం అది ఇంగ్లీషు మాట, కాబట్టి పెద్ద మాట. దళారీ అని రాయించుకోవయ్యా అని అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా, వీధి గోడ మీద ఎర్ర రంగుతో 'మిర్చి బ్రోకరు' అని రాయించాడు. బళ్లో ఆడపిల్లలు ఓణీలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేను ఇంటికొచ్చి అన్నం మానేసి ఏడిస్తే, "తప్పుడు పని చేస్తున్నానటే? నవ్వేవాళ్లని నవ్వనీవే" అనేవాడు. ఏం మనిషో!

చివరికి కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాసి సంతకానికిచ్చాను. మాకు సెంటు భూమి లేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ గడి మీద వేలు పెట్టి చదివి, సంతకం చేసి, మర్నాడు తన చేత్తోనే గోడకు సున్నం వేశాడు. ఆ రోజు నాకు సంతోషమే వేసింది.

మనవడి మాటకు చిరాకెత్తి నిఘంటువు తీశాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని, ఈ ఒక్క మాట జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. బ్రోకరంటే మొదట్లో పీపాకు చిల్లు పొడిచి ద్రాక్షసారా అమ్మేవాడట! మా నాన్న చేసిందీ అదే కదా. కొక్కెంతో బస్తాకు చిల్లు పొడిచి, గుప్పెడు కాయలు లాగి, చెవి దగ్గర ఆడించి, గలగలమంటే ఎండాయనీ లేకపోతే తడి ఉందనీ రైతు ముందూ, కొనేవాడి ముందూ ఒకే గొంతుతో చెప్పేవాడు.

ఇప్పుడు ఆ మాటకు పరువొచ్చింది. మనవడి బ్రోకరు ఎలా ఉంటాడో వాడూ చూడలేదు, అయినా ఎవరూ నవ్వరు. ఏబీసీడీలు రాని మా నాన్న గోడ మీద సరైన మాటే రాయించాడు. చదువుకున్న కూతురు దానికి సున్నం వేయించింది.