అత్తమ్మ కనిపెట్టిన జబ్బు

మొన్న, మేమిప్పుడు ఉంటున్న కుంఠా నాకాలో, మా కింది వాటా అమ్మాయి పెంచుకునే ఆడకుక్క గిన్నెడు నీళ్ళు తాగేసి మళ్ళీ నల్లా కింద నాలుక చాపడం చూసి, అది ఎదకు వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగాను. నెల దాటిందని, దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదని, తిండి కూడా ముట్టడం లేదని ఆ పిల్ల చెప్పగానే, వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. ఆపరేషన్ చేశారట, బతికింది. నాకెలా తెలిసిందని అడిగింది గాని, అది గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు.

నేను కోడలిగా వచ్చిన దాజీ పేట్ ఇంట్లో ముందు గదులు మావి, వెనక షెడ్డు సాంచాలది. ఆ మగ్గాల మోతలోనే అత్తమ్మ గోడవార కూర్చుని నూలు కండెలు చుట్టేది, ఆమె కాళ్ళ దగ్గర రాణి పడుకునేది. ఎన్ని ఈతలు ఈనిందో లెక్కలేని ముసలి కుక్క. ఆ యేడు ఎద అయిపోయిన కొన్ని వారాలకు అది జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి పెట్టినా మొహం తిప్పుకుని, తొట్టి దగ్గరికే మాటిమాటికీ పోయి నీళ్ళు తాగేది, వెనకభాగం నాక్కుంటూ మూలకు ముడుచుకునేది. పొట్ట కూడా ఉబ్బింది. మా ఆయన చూసి నవ్వాడు.

"ముసల్దానికి మల్ల కడుపైనట్టుందే అవ్వా."

"కడుపైతే తిండికి ఉరుకుతది గని, గిట్ల నీళ్ళకు ఉరుకుతదారా?" అని అత్తమ్మ కండె పక్కన పెట్టి, రాణి తోకెత్తి చూసింది. చీము, దుర్వాసన. "రిక్షా పిలువు. జల్దీ."

గర్భసంచి నిండా చీము పట్టిందని, ఇంకాస్త ఆగితే లోపలే పగిలేదని పశువుల డాక్టరు చెప్పి, దాన్ని కోసి తీసేశాడు. రాణిని చద్దరులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాం. దాని తల ఒడిలో పెట్టుకుని నిమురుతూ అత్తమ్మ, మా ఆయన షెడ్డులోకి పోయేదాకా ఆగి, నన్ను దగ్గరికి పిలిచింది.

"మనుషులకు గూడ గిట్లనే కోసి తీస్తరా, పిల్లా?"

ఊరికే అడుగుతోందనుకుని తీస్తారన్నాను.

"నాకు శానా దినాల సంది నెత్తురు పోతుంది," అంది తల ఎత్తకుండా. "ముట్లు ఆగినంక మల్ల గిదేందని, కొడుకుల ముంగట ఏం చెప్పాలె?"

పెద్ద దవాఖానకు తీసుకుపోతే, గర్భసంచిలో మొదలైన కాన్సరు అప్పటికే చుట్టూ పాకిందని, కోసి లాభం లేదని చెప్పారు. దసరా రాకముందే అత్తమ్మ పోయింది. రాణి మాత్రం కోలుకుని ఇంకొన్నాళ్ళు బతికింది. ఎండిన పొట్టతో, ఖాళీ అయిన ఆ గోడవారే పడుకునేది, అన్నం పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకునేది.

ఇప్పుడు నా కోడలు తన ఒంట్లో బాగోలేకపోతే అందరి ముందే చెబుతుంది, నా కొడుకే బండి మీద డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు. విన్నప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది. ఆ వెంటనే, నోరులేని జీవి బాధ తోకెత్తి చూసి కనిపెట్టిన మనిషి, నోరుండి కూడా తన బాధ అన్నాళ్ళు కొంగు చాటున దాచుకుందే అనిపిస్తుంది.