జొన్నల గుమ్మిలో సబ్బు కడ్డీలు

ఆ రోజుల్లో మా జిల్లాలో పిరికివాళ్లెవరూ లేరట. చుట్టాల పెళ్లిళ్లలో కూర్చుని వింటుంటే నాకు అలాగే తోస్తుంది. ప్రతి గడ్డివాములో ఒక తుపాకి, ప్రతి ముసలమ్మ కొంగులో కారప్పొడి! మా ఇంటి వాటాకు వచ్చిన కథ ఏమిటంటే, మా అవ్వ పిండిలో సబ్బు కలిపి రొట్టెలు చేసి, రజాకార్లకు పెట్టి, వాళ్లను ఊరి పొలిమేర దాకా తరిమిందని. మా చిన్నాయన కొడుకు ఈ కథ చెప్పేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడతాడు (అప్పటికి వాడు పుట్టనేలేదు). నేను "కాదురా" అని నోరు విప్పితే చాలు, "అక్క కాలేజీలో చదివింది, అక్కకు అన్నీ అనుమానాలే" అని నలుగురినీ నవ్విస్తాడు. నవ్వుకోండి. కానీ వచ్చింది రజాకార్లు కాదు, సర్కారుకు లెవీ కింద రైతుల ధాన్యం తీసుకుపోయే గిర్దావరు, ఆయన వెంట ఇద్దరు జవానులు. ఎవరూ ఎవరినీ తరమలేదు. పిండిలో సబ్బు ఎవరూ కలపలేదు. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ వేళ నేను అక్కడే ఉన్నాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గుమ్మిలో ఉన్నాను.

అసలు గొడవంతా బట్టల దగ్గర మొదలైంది. మా ఊళ్లో చాకలివాళ్లు ఇక వెట్టి చెయ్యబోమని సంగంలో చేరిపోయారు. న్యాయమే. ఇప్పుడైతే ఆ న్యాయం మీద గంటసేపు మాట్లాడగలను. అప్పుడు నాకు అర్థమైంది మాత్రం ఒకటే, మా బట్టలు ఇక మేమే ఉతుక్కోవాలి. అవ్వకు అందులో చింతేమీ లేదు. చెల్క పొలం అంచున ఎండాకాలంలో ఉప్పు పూసినట్టు తెల్లగా పొంగే మట్టి ఉంటుంది, చౌడు; బట్టలు దానితోనే ఉతికేది. దాన్ని గీకి తెచ్చి, ఎండబెట్టి, జల్లించి, మెడ విరిగిన కుండలో పోసి, వెనక చావడిలో మూడు రాళ్ల మీద నిలబెట్టేది. తడి చెయ్యి తగలకూడదు, వాన జల్లు కొట్టకూడదు, ఆడపిల్లలు ఊరికే మూత తీసి చూడకూడదు. మా ఇంట్లో చౌడు కుండకున్న మర్యాద మా బాపుకు, అదే మా నాన్నకు, కూడా లేదు.

ఈ రాజ్యంలోకి చిన్నాయన పెళ్లాం, మా చిన్నమ్మ, కొత్తకోడలుగా వచ్చింది. ఆమెది ఆలేరు. రైలు ఆగే ఊరు కాబట్టి నాగరికత కూడా రోజూ అక్కడ దిగుతుందని ఆమె నమ్మకం. స్టేషనులో మూటలు లెక్కచూసే ఆమె తమ్ముడు ఒకసారి బట్టల సబ్బు కడ్డీలు పాతపంచెలో చుట్టి తెచ్చిచ్చాడు. సరుకు దొరకని కాలం. ఆ కడ్డీలను చిన్నమ్మ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"ఏందే ఆలేరుదానా, గా పచ్చ గడ్డలు?" అన్నది అవ్వ.

"సబ్బు అత్తా. జర రుద్దితే సాలు, నురుగే నురుగ."

"నురుగ నాకెందుకే? బట్టలుతుకుతున్ననా, పాలు పిండుతున్ననా? గా సబ్బుల ఏం కొవ్వు వోస్తరో ఏమో. పొయ్యి కాడ వద్దు, నీళ్ల కాడ వద్దు, దేవుని అర్రల అసలే వద్దు."

"మరి యాడ వెట్టుమంటవ్?"

"మీ తమ్ముని నెత్తి మీద వెట్టు."

చిన్నమ్మ తమ్ముడి నెత్తి ఆలేరులో ఉండిపోయింది కాబట్టి, ఆమె ఇంకో చోటు వెతికింది. మా నడి ఇంట్లో వెదురుతో అల్లి, పేడతో అలికిన జొన్నల గుమ్మి ఉండేది, మనిషికన్నా ఎత్తు. కొత్త పంట వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ అదే తిండి. దాని మూతి ఇరుకు, పెద్దవాళ్లు దిగలేరు. అందుకని గింజలు కావలసినప్పుడల్లా ఒక పిల్లను చంకల కింద పట్టుకొని లోపలికి దింపేవాళ్లు. మా ఇంటికి ఆ గరిటె నేనే. చిన్నమ్మ నన్ను దింపి, కడ్డీలు ఒక్కొక్కటే అందించి, "లోపల్కి తొయ్యి బిడ్డా, ఇంకా లోపల్కి. జొన్నలు తడి గుంజుతయట. సబ్బు రాయిలెక్క గట్టివడితే రెండేండ్లొస్తదని మా తమ్ముడు చెప్పిండు. అవ్వకు చెప్పినవో, నీ జడ కోస్త" అన్నది. నాకు జడ మీద ప్రేమ ఎక్కువ. చెప్పలేదు.

తమ్ముడి శాస్త్రం ఎండాకాలానికి సరిపోయేదేమో. మాకు వచ్చింది ముసురు. గుమ్మి చెమ్మగిల్లింది, సబ్బు చెమటలు పట్టింది, ఆ చెమటను జొన్నలు నెమ్మదిగా తాగాయి. మాకెవరికీ తెలియలేదు, ఎందుకంటే ముందు పక్క గదిలోని చిన్న గుమ్మి ఖాళీ అయ్యేదాకా పెద్దదాని మూత తీసే అలవాటు లేదు. అప్పటికి బాపు, చిన్నాయన కృష్ణానది అవతల చుట్టాల ఊళ్లో తలదాచుకొని ఉన్నారు (ఊళ్లో కనబడ్డ మగవాణ్ని పొద్దున రజాకార్లు, సాయంత్రం సంగంవాళ్లు నిలబెట్టి అడిగే కాలం). అలా ఇంట్లో ఆడవాళ్లమే ఉన్నప్పుడు వచ్చాడు గిర్దావరు, బండి కట్టించుకొని మరీ.

మంచి మనిషో చెడ్డమనిషో నాకు తెలియదు. నశ్యం బాగా పీల్చేవాడు, మీసం సగం గోధుమరంగుకు తిరిగింది. గుమ్మి చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్లతో తట్టి, "పెద్దగనే ఉంది. సగానికి పైన లెవీల వోతది" అన్నాడు.

"సగం వోతే మేమేం తినాలె సారూ? పోరగాండ్లున్నరు," అన్నది అవ్వ.

"సర్కారు అడుగుతాంది ముసలమ్మా, నేను కాదు. ముందుగాల మాలు ఎట్లుందో సూడాలె. గీ జొన్నలతోనే రొట్టెలు చెయ్యుండ్రి. ఎట్లాగూ తిండి యాళ్లయింది."

ఒక దెబ్బకు రెండు పనులు చక్కబెట్టుకుంటున్నాననుకున్నాడు పాపం. నన్ను మళ్లీ గుమ్మిలో దింపారు. దిగగానే నాకు ఆలేరు వాసన కొట్టింది. తల పైకెత్తి చూస్తే మూతి దగ్గర చిన్నమ్మ ముఖం, సున్నం వేసినట్టు. "గింజలు పైపైన తియ్యి బిడ్డా," అని గొణిగింది. పైనా అదే వాసన, కిందా అదే వాసన. నశ్యం పుణ్యమా అని దోసిట్లో పోసినా గిర్దావరుకు ఏమీ తెలియలేదు. "గింజ తెల్లగుంది, బాగుంది," అని మెచ్చుకున్నాడు కూడా. చిన్నమ్మ తిరగట్లో విసిరింది, అవ్వ పక్కనే కూర్చుని చూసింది, చిన్నమ్మే పెనం మీద వేసింది. చల్లగా ఉన్నంతసేపు దాగిన వాసన వేడి తగలగానే లేచి ఇల్లంతా తిరిగింది.

గిర్దావరు పచ్చిమిర్చి తొక్కు అద్దుకొని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. దవడ రెండుసార్లు ఆడి ఆగిపోయింది.

"గిదేందమ్మా?" అన్నాడు, నోరు పూర్తిగా మూయకుండానే. "గిదేం బద్‌బూ? రొట్టెల ఏం కలిపిన్రు? నాకు ఇసం వెడుతున్రా?"

జవానొకడు కట్టె సవరించుకున్నాడు. చిన్నమ్మ గోడకు అంటుకుపోయి తెలిసిన దేవుళ్లందరినీ పిలుస్తోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అవ్వ మాత్రం కూర్చున్న చోటి నుంచి లేవలేదు. "ఇసమా? ఇటు తేవే," అని పెనం మీది రొట్టె అందుకొని, తుంచి, నమిలింది. కనుబొమ్మ కదలలేదు. చౌడు తప్ప ఇంకేదీ ముట్టనన్న మనిషి, కొవ్వు కలుస్తుందని సబ్బును ఆమడ దూరం పెట్టిన మనిషి, ఆ రొట్టెను అంచులతో సహా తిన్నది.

"గీ ఏడు మా జొన్నలు గిట్లనే ఉన్నయి సారూ. ముసురు వట్టి ముక్కినయి. ఏం జేస్తం, పారబోస్తమా? మేం తింటలేమా? సచ్చినమా?" అని, చిన్నమ్మ వైపు తిరిగి, "సూస్తవేందే? ఇంకోటి వెయ్యి," అన్నది. రెండోదీ తిన్నది, తొక్కు అడిగి మరీ.

గిర్దావరు చాలాసేపు అవ్వనే చూశాడు, చచ్చిపోతుందేమోనని. చావలేదు. "గీ మాలు గోదాముల దించితే నా నౌకరి వోతది," అని లేచాడు. నీళ్లు అడిగి పుక్కిలించాడు. అప్పుడు నోటినిండా నురుగు వచ్చిందని మా చిన్నాయన కొడుకు చెబుతాడు. రాలేదు. నేను దగ్గరుండి చూశాను. బండి ఖాళీగానే పోయింది. ఆ చప్పుడు వినబడనంత దూరమయ్యాక అవ్వ పెరట్లోకి వెళ్లి నోరు కడుక్కొచ్చి, "గా సబ్బులు తీసి నా చౌడు కుండ పక్కన వెట్టుండ్రి. మళ్ల గింజలల్ల కనవడితే సూడు," అన్నది. అంతే. ఎవరు పెట్టారని అడగలేదు. నా జడ బతికిపోయింది.

కొన్నాళ్లకే పోలీసు చర్య జరిగింది. నార్కట్‌పల్లి రోడ్డు మీద మిలిటరీ లారీలు పోతుంటే ఊరంతా చూసి వచ్చింది, మగవాళ్లు ఇళ్లు చేరారు. బాపు ఇంటి రొట్టె కోసం మొహంవాచి వచ్చి, మొదటి ముక్క నోట్లో పెట్టుకొని, "అమ్మా, సబ్బు చేతులు కడగకుండ చేసినవా?" అన్నాడు. "కడిగే చేసిన, బాగ కడిగిన, తిను," అన్నది అవ్వ. కొత్త పంట దాకా అవే తిన్నాం. కడుపునిండా తిన్నాం. సబ్బులకు మాత్రం జొన్నలు పొదిగినట్టు అంటుకుపోయి, వాటితో రుద్దిన చిన్నమ్మ మంచి చీర జల్లెడైంది. అవ్వ ఆ చీరను ఎండకు ఎత్తిపట్టి, "ఆలేరు నాగరికం గాలి మంచిగ ఆడుతాంది," అన్నది.

ఇప్పుడు నా వంటింట్లో సబ్బుపొడికి గట్టి మూత డబ్బా, దానికి వేరే గది. మా ఇంట్లోవాళ్లు నా చాదస్తానికి నవ్వుతారు. నవ్వనీ. అవ్వ వీరవనిత కాదని చిన్నాయన కొడుకుతో ఇప్పటికీ పోట్లాడతాను. ఆమె తన జొన్నలు కాపాడుకుంది, దానికి నినాదాలు అక్కర్లేదు. కానీ ఇంటికి వచ్చి పడుకున్నాక ఒక్క దగ్గర నా వాదన కాలు జారుతుంది. నమ్మించడానికి మొదటి రొట్టె చాలు కదా. చిన్నమ్మనడిగితే, "నా చేతి రొట్టె నచ్చింది బిడ్డా, పైకి ఒప్పుకోక గట్ల తిన్నది," అని పళ్లులేని నోటితో నవ్వుతుంది. నేను ఒప్పుకోను. మగవాళ్లు ఊరు వదిలినప్పటి నుంచి అవ్వ మా అందరికీ పెట్టి, తాను ఏం తినేదో అప్పుడు నేను చూడలేదు. పంతమా, ఆకలా, ఆ రెండో రొట్టె ఎందుకు అడిగినట్టు?