వీపు మీది డబ్బా

మేడారం జాతరకు పోయిన ప్రతిసారీ మా ఇంటిల్లిపాదీ వాగులో మునిగి లేస్తుంటే నేను ఒడ్డున చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చుంటాను. చెంబుతో నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని అయిందనిపిస్తాను. మా అక్క నాకు ‘చెప్పుల పోలీసు’ అని పేరు పెట్టింది. నీళ్లంటే నాకు భయమని చుట్టాలందరికీ తెలుసు. కానీ అది పుట్టుకతో వచ్చిన భయం కాదు. ఒకప్పుడు నీళ్లలో దిగడం కోసమే బేస్తవారం ఎప్పుడొస్తుందా అని వారమంతా ఎదురుచూసేదాన్ని.

మా గల్లీ చివర వెల్డింగ్ షాపు ఆయనను చిన్నా పెద్దా అందరూ చాచా అనే పిలిచేవాళ్లు. ఎండాకాలం సెలవుల్లో ఆదివారం పొద్దున షాపుకు తాళం వేసి, వాడలోని మగపిల్లలను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, ధర్మసాగర్ దారిలో తనకు తెలిసిన ఒక రైతు బావికి తీసుకుపోయేవాడు. ఎవరో చెప్తే చేసిన పని కాదది. ఎక్కడన్నా ఈత రాని పిల్లవాడు మునిగిపోయాడని తెలిస్తే రెండు రోజులు సరిగ్గా అన్నం తినేవాడు కాదట. ఖాళీ నూనె డబ్బాలు పోగుచేసి, గాలి పోకుండా మూతికి అతుకు వేసి, పిల్లల వీపులకు కట్టేవాడు. అంగీ, ప్యాంటు విప్పనిచ్చేవాడు కాదు. “మునిగేటోడు బట్టలిప్పి మడత పెట్టుకొని మునుగుతడారా?” అని కసిరేవాడు. పిల్లలు ఈతకన్నా ముందు ఆయన తిట్లు నేర్చుకున్నారు.

ఒకరోజు ఆయన భార్య, మా చాచీయే అడిగిందట, “ఆడపిల్లలు నీళ్లల్ల పడితే వాళ్లంతట వాళ్లే తేల్తరా ఏంది?” అని. ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. ముందు చాచీకే నేర్పాడు. పెళ్లీడు కొడుకున్న మనిషి సల్వార్ కమీజుతో, వీపున డబ్బాతో బావిలో దిగిందని వాడంతా నవ్వింది. ఆమె కూడా నవ్వుతూనే నేర్చుకుంది. ఆ మరుసటి ఎండాకాలం నుంచి బేస్తవారాలు మావి.

బావిలో మాతో చాచీ ఉండేది. చాచా మోటరు కొట్టం పక్కన, బావికి వీపు పెట్టి కూర్చునేవాడు. మా నడుముకు కట్టిన తాడు కొస ఆయన చేతిలో ఉండేది. చాచీ “లాగు” అంటే లాగేవాడు, “ఇడువు” అంటే వదిలేవాడు. ఒక్కనాడూ తల తిప్పి చూడలేదు. మా అమ్మ మొదటి రోజు మాతో వచ్చి, ఆ వీపును చూసే ధైర్యంగా ఇంటికి పోయింది. బాపును కూడా ఆమే ఒప్పించింది.

“డబ్బా ఇప్పిన్నాడే ఈత వచ్చినట్టు” అనేది చాచీ. నాకు లోకంలో ఇంకే కోరికా ఉండేది కాదు, నా డబ్బా విప్పాలి. ఒక బేస్తవారం బావి చుట్టూ ఎక్కడా ఆగకుండా తిరిగి వచ్చాను. మెట్లెక్కుతుంటే డబ్బా బరువుగా వేలాడింది, నడుం మీద నీళ్లు ధారగా కారాయి. అలసిపోయాను కాబోలు అనుకున్నాను. చాచీ నన్ను చూసి ఒకటే నవ్వు.

“ఎందుకు నవ్వుతానవ్ చాచీ?”

“వచ్చే బేస్తారం చెప్త, పో.”

ఆ బేస్తవారం రాలేదు. పొలం గట్టు మీద నుంచి ఎవడో ఫోన్లో వీడియో తీశాడు. ఎవడో నాకిప్పటికీ తెలియదు, తెలిస్తే ఇప్పుడైనా సరే నిలబెట్టి కడిగేస్తాను. తడి బట్టలతో మెట్ల మీద నవ్వుతున్న మేము, పక్కన తాడు పట్టుకున్న ఒక మనిషి. అంత దూరం నుంచి ఆయన మొహం ఎటు ఉందో తెలియదు. ‘ఎవరి పిల్లలను ఎవరు ఎక్కడికి తీస్కపోతాండ్లో చూడుండ్రి’ అని కింద రాశాడు. తెల్లారేసరికి వాడలో అందరి ఫోన్లలో అదే.

“నిప్పు లేంది పొగ రాదు” అన్నాడు బాపు.

“ఆయన ఎటు దిక్కు చూస్తడో నేను కండ్లార చూసిన” అంది అమ్మ.

“నువ్వు చూసినవ్. వాడకట్టు చూసిందా?”

కొందరు మగవాళ్లు కలిసి షాపుకు పోయారు. అందులో బాపు కూడా ఉన్నాడు. అక్కడ ఏం మాట్లాడారో ఇంట్లో చెప్పలేదు. ఆ తర్వాత మా బేస్తవారాలే కాదు, మగపిల్లల ఆదివారాలూ ఆగిపోయాయి. చాచా మా ఇంటి ముందు నుంచి పోవడం మానేసి, షాపుకు వెనక గల్లీలోంచి తిరిగి పోయేవాడు. కొన్నాళ్లకు ఆ బావి కూడా ప్లాట్ల కింద పూడిపోయింది.

నేనిప్పుడు ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేస్తాను. మొన్న చాచీ అక్కడ కనబడింది. చాచాకు పక్షవాతం వచ్చిందట, కుడిచేయి లేవడం లేదట. సాయంత్రం వాళ్ల ఇంటికి పోయాను. చాయ్ తాగుతుంటే చాచీ సజ్జ మీది నుంచి ఒక సిలుం పట్టిన డబ్బా దింపి నా ముందు పెట్టింది.

“ఇది నీదే. ఎవ్వరికియ్యలే.”

తిప్పి చూశాను. పైన ఒకటి, అడుగున ఒకటి, మేకుతో కొట్టిన చిల్లులు.

“ఇదేంది చాచీ, దీనికి చిల్లులున్నయ్?”

“ఆఖరి బేస్తారం మీ చాచానే కొట్టిండు. దిగంగనే నీళ్లు నిండిపోయినయ్. డబ్బా నిన్ను మొయ్యలే బిడ్డా, నువ్వే డబ్బాను మోసుకుంట తిరిగినవ్. మొదలే చెప్తే భయపడ్తరని అందరికి గట్లనే చేస్తుండె. మరుసటి వారం చూపిచ్చి ఇప్పుదుమనుకున్నం.”

నాకు ముందు కోపమే వచ్చింది. మంచంలో ఉన్న మనిషని కూడా చూడకుండా అరిచేశాను. “ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే చాచా? ఒక్క మాట చెప్తే పోతుండె గద!”

ఆయన మాట ముద్దగా వచ్చింది. “మీ గడప ఎట్ల తొక్కుదు బిడ్డా?”

ఆ తర్వాత ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మోటరు కొట్టం పక్కన ప్రతి బేస్తవారం చూసిన వీపే అది. నాకు ఏడుపు ఆగలేదు. ఎన్ని జాతరలు ఒడ్డున కూర్చున్నాను! నాకు వచ్చిన విద్యను నాకే తెలియకుండా చేశారే అని కుళ్లి కుళ్లి ఏడ్చాను.

డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చేసరికి బాపు గడపలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

“ఏంది బిడ్డా ఆ సిలుం డబ్బా?”

“నా ఈత డబ్బా.”

“ఇప్పుడేం ఈత నేర్చుకుంటవే?”

డబ్బా ఆయన ముందు పెట్టి చిల్లులు చూపించాను.

“నేర్చుకునుడు కాదు బాపు. నాకు ఈతొచ్చు. అప్పటిసంది వచ్చు.”